పుష్పక్‌ని ఆరో వంతు సైజులో కట్టాలంటే: ముందు తోకని తూకం వేయండి

మీరు అడిగింది ఇది: ఏడాదిన్నరగా రిమోట్‌తో ఫోమ్ ట్రైనర్ (నేర్చుకునేవాళ్ల మోడల్ విమానం) ఎగరేస్తున్నారు, నాలుగు ఛానెళ్లూ (థ్రాటిల్, రెక్కల్ని వాల్చే ఐలరాన్లు, ముక్కుని పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్, పక్కలకి తిప్పే రడ్డర్) చేతికి వచ్చాయి, ఇప్పుడు మన హిందుస్తాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) వారి చిన్న శిక్షణ విమానం పుష్పక్‌ని బాల్సాతో (బాగా తేలికైన చెక్క) రిమోట్ మోడల్‌గా సొంతంగా కట్టాలనుంది. కిట్ దొరకలేదు. చేతిలో ఉన్నది ఒక త్రీ-వ్యూ బొమ్మ (పైనుంచి, పక్కనుంచి, ముందునుంచి గీసింది), కొన్ని ఫొటోలు. ఎంత సైజు, ఏ చెక్క, ఏ మోటర్, అసలు విమానంలా ఎంతవరకు ఉండాలి అన్నవి మీ ప్రశ్నలు.

నేను పుష్పక్‌ని రెండుసార్లు కట్టాను. మొదటిది చూడటానికి బాగుండేది. రెండోది ఎగురుతుంది. ఆ రెండింటి మధ్య తేడా దాదాపు 900 గ్రాములు. నేను చెప్పబోయేదంతా ఆ 900 గ్రాముల గురించే.

ముందుగా, విమానం ఎంపిక బాగుంది. పుష్పక్ మొదటిసారి ఎగిరింది 1958 సెప్టెంబర్ 28న. పక్కపక్కన రెండు సీట్లు, పైన రెక్క, 90 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజన్, తోక చక్రం. అమెరికా ఏరోంకా చీఫ్ పక్కన నిలబెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఒక తరం పైలట్లు ఓనమాలు దిద్దుకున్నది దీని మీదే. అయినా మోడల్ కట్టేవాళ్లలో పది మందిలో తొమ్మిది మంది పైపర్ కబ్ వైపే పోతారు, ప్లాన్లు దొరుకుతాయి కాబట్టి. మీరు పుష్పక్ అనగానే నాకు సంతోషమేసింది.

సైజు విషయంలో ఎక్కువ ఆలోచించకండి. అసలు విమానం రెక్క 36 అడుగులు, పొడవు 21 అడుగులు. ఆరో వంతు అంటే రెక్క సరిగ్గా 6 అడుగులు, పొడవు మూడున్నర అడుగులు. రెక్క వైశాల్యం 175 చదరపు అడుగులు కదా, దాన్ని 36తో భాగిస్తే 700 చదరపు అంగుళాలు వస్తుంది, మన లెక్కలో 45 చదరపు డెసిమీటర్లు. రెక్కని రెండు ముక్కలుగా కడితే మామూలు కారు వెనక సీట్లో పడుతుంది. ఇంతకంటే చిన్నది కడితే గాలికి కాగితంలా ఊగుతుంది. పెద్దది కడితే మోటర్, బ్యాటరీ ఖర్చు ఒక్కసారిగా పెరిగిపోతుంది.

త్రీ-వ్యూని పెద్దది చేయించే ముందు ఒక పని చేయండి. రెక్కకి, పొడవుకి నిష్పత్తి 36:21, అంటే 12:7. మీ కాగితం మీద రెక్క 180 మి.మీ. ఉంటే పొడవు 105 రావాలి. నా మొదటి బొమ్మలో 109 వచ్చింది. జిరాక్స్ మీద జిరాక్స్ తీస్తూ పోతే ఒక వైపు సాగుతుంది. అది చూసుకోకుండా ప్లాన్ గీసి, ఫార్మర్లు (బాడీ ఆకారాన్ని నిలిపే అడ్డ పలకలు) కోసి, అంతా అతికించాక 'ఏంటిది, ముక్కు సాగినట్టుంది' అనుకున్నాను. స్కేలు పెట్టి చూసుంటే రెండు నిమిషాల్లో తేలే సంగతి.

ఇక ఎంతవరకు అసలుదానిలా ఉండాలి అన్నది. అసలుదాని ప్రతి రివెట్టూ కొలిచి చేసే పోటీ స్కేల్ వేరు, స్పోర్ట్ స్కేల్ వేరు. ఇక్కడ ఆకారం నమ్మించాలి, విమానం మాత్రం ఆదివారం పొద్దున ఏ టెన్షన్ లేకుండా ఎగరాలి. కాబట్టి ఎక్కడ అబద్ధం ఆడొచ్చో, ఎక్కడ ఆడకూడదో ముందే తేల్చుకోవాలి. నేను నిజంగా ఉంచినవి: పక్క నుంచి చూసినప్పుడు కనిపించే ముక్కు గీత, కిటికీల ఆకారం, నిలువు తోక వంపు, రెక్క చివరల గుండ్రం, స్ట్రట్‌లు (బాడీ నుంచి రెక్కకి పోయే ఊత కర్రలు) తగిలే చోటు. ఈ ఐదూ కుదిరితే యాభై అడుగుల దూరం నుంచి చూసిన పాత పైలట్ ఎవరైనా 'అరే, పుష్పక్!' అంటాడు. రిబ్బులు (రెక్క లోపలి పక్కటెముకలు) ఎన్ని ఉన్నాయో ఎవడూ లెక్కపెట్టడు.

అబద్ధం ఆడినవి: రెక్క సెక్షన్ (రెక్కని అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం), అడ్డ తోక సైజు, చక్రాలు. ఏరోంకా చీఫ్‌లో ఉండేది నాకా 4412. దాని అడుగు భాగం కొద్దిగా ఉబ్బి ఉంటుంది, బల్ల మీద పెట్టి కట్టాలంటే ప్రతి రిబ్బుకీ కాళ్లు పెట్టాలి. నేను క్లార్క్-వై వాడాను. దాని అడుగు డెబ్బై శాతం మేర చదునుగా ఉంటుంది కాబట్టి రెక్క వంకర లేకుండా వస్తుంది. గాల్లో ఉన్నప్పుడు ఆ తేడా కంటికి ఆనదు. అడ్డ తోక వైశాల్యం పది శాతం పెంచాను. పొడవు, వెడల్పు ఒక్కోటి ఐదు శాతం పెంచితే చాలు, ఎవరికీ కనిపించదు. చక్రాలు లెక్క ప్రకారం 73 మి.మీ. దగ్గర రావాలి, నేను 85 వేశాను. మన మైదానాల్లో గడ్డి, గులకరాళ్లు చూశారు కదా.

ఇప్పుడు బరువు. అసలు పుష్పక్ ఖాళీ బరువు 395 కేజీలు, నిండుగా 613 కేజీలు. పొడవు ఆరో వంతైతే బరువు 216వ వంతు అవుతుంది, ఆరు గుణకారం ఆరు గుణకారం ఆరు కదా. అంటే ఖాళీగా 1.8 కేజీలు, నిండుగా 2.8 కేజీలు. ఈ రెండు అంకెల మధ్య మీ మోడల్ ఉంటే అది అసలు విమానంలా గంభీరంగా, నిదానంగా ఎగురుతుంది. నా రెండోది 2.4 కేజీలు. మొదటిది 3.3.

ఆ 900 గ్రాములు ఒక్కచోట చేరలేదు. కథ తోక దగ్గర మొదలైంది. పుష్పక్ ముక్కు పొట్టిది. ఆరో వంతులో సీజీ (విమానం సమంగా తూగే చోటు, గరిమ కేంద్రం) నుంచి మోటర్ దాకా దాదాపు 22 సెంటీమీటర్లు, సీజీ నుంచి తోక దాకా 65 పైనే. తక్కెడ లెక్క వేసుకోండి: తోకలో ఒక గ్రాము పెరిగితే ముక్కులో మూడు గ్రాములు వేయాలి. అంటే తోకలో ఒక గ్రాము చేసే తప్పుకి మొత్తం మీద నాలుగు గ్రాములు మోయాలి. నేను గట్టిగా ఉండాలని తోకని 6 మి.మీ. బాల్సా పలకతో నిండుగా కోశాను, తోక సర్వోలు (రడ్డర్, ఎలివేటర్‌ని కదిపే చిన్న మోటర్లు) రెండూ వెనకే పెట్టాను, తోక చక్రానికి లావు తీగ వాడాను. చివరికి ముక్కులో 240 గ్రాముల సీసం వేస్తే గానీ సీజీ కుదరలేదు. అంత బరువుకి చక్రాల కాళ్లు వంగుతున్నాయని లావు కాళ్లు, వాటికి లావు ప్లేటు, ఆ మొత్తానికి పెద్ద బ్యాటరీ. అలా పెరుగుతూ పోయింది.

రెండోసారి తోకని కర్రలతో అల్లాను. గుండ్రటి అంచుకి చిన్న కిటుకు ఉంది, మీరూ అలాగే చేయండి. 1.5 మి.మీ. బాల్సా పలక నుంచి 6 మి.మీ. వెడల్పు పట్టీలు నాలుగు కోయండి. వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టండి. తోక ఆకారంలో కోసిన థర్మాకోల్ అచ్చు అంచుకి సెల్లోటేప్ చుట్టి, దాని చుట్టూ పట్టీలు మెల్లగా వంచి, టేపుతో పట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దునకి ఆరి వంపు నిలబడుతుంది. అప్పుడు కొంచెం నీళ్లు కలిపిన ఫెవికాల్ రాసి నాలుగూ ఒకదాని మీద ఒకటి అతికించి మళ్లీ అచ్చు చుట్టూ కట్టండి. మర్నాటికి విడదీస్తే సైకిల్ రిమ్ములా గట్టిగా ఉంటుంది, చేతిలో పట్టుకుంటే బరువే తెలియదు. లోపల 6 మి.మీ. చదరపు బాల్సా కర్రలు అడ్డంగా, ఏటవాలుగా వేస్తే సరి. నిలువు తోక, అడ్డ తోక, రడ్డర్, ఎలివేటర్ అన్నీ కలిపి కవరింగ్ (పైన తొడిగే ఫిల్మ్) వేయకముందు 70 గ్రాములు దాటకూడదు. ఈ ఒక్క అంకె గోడ మీద రాసిపెట్టుకోండి.

కిచెన్ కాటా ఒకటి కొనండి, గ్రాము తేడా చూపించేది. బాల్సా ఏది కొన్నా ముందు దాని మీద పెట్టండి. 3 మి.మీ. మందం, 100 మి.మీ. వెడల్పు, మీటరు పొడవు పలక మంచిదైతే 30 నుంచి 36 గ్రాములు తూగుతుంది. అదే కట్టలో 60 గ్రాములు తూగేవి కూడా ఉంటాయి, చూపుకి రెండూ ఒకటే. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ఎంచుకునే వీలుండదు కాబట్టి అవసరానికి మించి రెండు పలకలు ఎక్కువ తెప్పించి, ఇంటికొచ్చాక బరువు రాసి పక్కన పెట్టుకోండి. తేలికవి తోకకి, రెక్క చివర రిబ్బులకి. బరువువి కేబిన్ దగ్గరికి.

రెక్క పెద్ద కష్టం కాదు. 2.5 మి.మీ. రిబ్బులు, ఎనిమిది సెంటీమీటర్లకి ఒకటి. పైన ఒకటి, కింద ఒకటి స్ప్రూస్ చెక్క స్పార్లు (రెక్క పొడవునా సాగే దూలాలు), మధ్యలో వాటిని కలిపే బాల్సా పలకలు, షియర్ వెబ్బులు. వెబ్బుల చెక్క ధార (పీచు సాగే దిశ) నిలువుగా ఉండాలి, అడ్డంగా పెడితే పెట్టనట్టే. స్ప్రూస్ దొరక్కపోతే ముడులు లేని పైన్ చెక్క కోయించుకోండి. ముందు భాగానికి మాత్రం 1.5 మి.మీ. బాల్సా షీటింగ్ (పై పొర) వేస్తే రెక్క మెలి తిరగదు. చివర్లలో వెనక అంచు కింద 4 మి.మీ. పట్టీ పెట్టి కట్టండి, కొద్దిగా వాషౌట్ వస్తుంది, అంటే రెక్క చివర ముందు అంచు కాస్త కిందికి వాలి ఉంటుంది. అసలు విమానంలా స్ట్రట్‌లు పెడితే వాటికి పని కూడా ఇవ్వండి. అలంకారం స్ట్రట్‌లు బరువు దండగ.

బాడీ ముందు సగం 3 మి.మీ. తేలిక ప్లైవుడ్‌తో పెట్టెలా, కేబిన్ వెనక నుంచి బాల్సా కర్రలతో నిచ్చెనలా. అసలు విమానం బాడీ కూడా స్టీలు గొట్టాల చట్రం మీద గుడ్డ తొడిగినదే, కాబట్టి కవరింగ్ కింద కర్రలు లీలగా కనిపిస్తే ఇంకా అందం. అరాల్డైట్ మూడు చోట్లే: ఫైర్‌వాల్ (మోటర్ బిగించే ముందు పలక), కాళ్ల ప్లేటు, రెక్క జాయినర్. మన వాళ్లకి అరాల్డైట్ మీద ఉన్న ప్రేమ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు, ప్రతి కీలుకీ గుమ్మరిస్తారు. మిగతా అన్నిటికీ ఫెవికాల్ చాలు, తొందరగా ఉంటే సీఏ (ఫెవిక్విక్ లాంటి జిగురు).

కాళ్లకి 4 మి.మీ. స్ప్రింగు తీగ. ఇరుసు దాదాపు రెక్క ముందు అంచు కిందికి, అంటే సీజీకి బాగా ముందు రావాలి. చక్రాలు రెండూ ముందువైపు ఒక డిగ్రీ లోపలికి తిరిగి ఉండాలి, బయటికి ఉంటే విమానం నేల మీదే గిర్రున తిరుగుతుంది.

మోటర్ గురించి మీరు మూడు పేర్లు రాశారు. బ్రాండు ఏదైనా పర్లేదు. కేజీకి 150 నుంచి 200 వాట్లు లెక్క వేసుకోండి, మీకు 450 వాట్లు సరిపోతాయి. 4ఎస్ (నాలుగు సెల్స్) 4000 ఎంఏహెచ్ బ్యాటరీ, 700 కేవీ (వోల్టుకి నిమిషానికి 700 చుట్లు) చుట్టుపక్కల మోటర్, 13×6.5 అంగుళాల ప్రొపెల్లర్, 60 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటర్ వేగాన్ని నడిపే పరికరం). వాట్ మీటర్ పెట్టి చూస్తే ముప్పై ఆంపియర్ల దగ్గర తిరుగుతుంది. మోటర్‌ని రెండు డిగ్రీలు కిందికి, రెండు డిగ్రీలు కుడికి వంచి బిగించండి. సాఫీగా ఎగిరితే పన్నెండు నిమిషాలు వస్తుంది. కౌల్‌లో (మోటర్ మీది ముక్కు తొడుగు) గాలి లోపలికి వెళ్లే కంతల కంటే బయటికి వచ్చే దారి పెద్దది ఉండాలి. ఇది మర్చిపోయి మే నెలలో ఒకసారి ఎగరేశాను, దిగాక బ్యాటరీని చేత్తో పట్టుకోలేకపోయాను. బ్యాటరీ ట్రే ఫైర్‌వాల్ దాకా వెళ్లేలా పొడుగ్గా పెట్టండి, సీసం బదులు బ్యాటరీనే ముందుకి జరుపుకోవచ్చు. తోక సర్వోలు రెండూ కేబిన్‌లోనే ఉండాలి, వెనక్కి సన్నటి కార్బన్ పుష్‌రాడ్‌లు చాలు.

మొత్తం లెక్క ఇలా వచ్చింది నాకు, గ్రాముల్లో: రెక్కలు 450, బాడీ 400, తోక 70, కాళ్లు చక్రాలు 180, మోటర్ ఈఎస్‌సీ ప్రొపెల్లర్ కలిపి 330, బ్యాటరీ 430, సర్వోలు రిసీవర్ 200, కవరింగ్ 180, స్ట్రట్‌లు కిటికీలు కౌల్ వగైరా 150. కూడితే 2390. ఒక్కో భాగం పూర్తయిన రోజే తూచి పక్కన రాసుకోండి, అంతా అయ్యాక కాదు.

కవరింగ్ ఫిల్మ్ వేయడం వీడియోల్లో చూసి నేర్చుకోవచ్చు. చిన్న సీలింగ్ ఐరన్ కొనుక్కోండి. ఇంట్లో ఇస్త్రీ పెట్టెతో లాగించేద్దాం అనుకోకండి, రంగు అంటుకుని ఆ తర్వాత నాన్న తెల్ల పంచె మీద నీలం మరక తేలింది, ఆ పంచె సంగతి మా ఇంట్లో ఇప్పటికీ తీస్తారు. మీరు కాకినాడ అన్నారు కాబట్టి ఇంకో మాట: సముద్రపు గాలి తేమకి బాల్సా వంగుతుంది. కట్టిన రెక్కని గోడకి చేరవేయకుండా బల్ల మీద బోర్లా పెట్టి అన్ని వైపులా సమంగా బరువు పెట్టండి. ఎండలో అద్దాలెత్తిన కారులో మాత్రం ఎప్పుడూ వదలొద్దు, ఫిల్మ్ బుడగలు కడుతుంది.

ఇక ఎగరేయడం. మీ ఫోమ్ ట్రైనర్ నేర్పని పాఠం ఒకటి ఉంది, దానికి పేరు అడ్వర్స్ యా. ఎడమకి తిరగాలని ఎడమ ఐలరాన్ ఇస్తారు. కుడి ఐలరాన్ కిందికి దిగి కుడి రెక్కకి లిఫ్ట్‌తో పాటు డ్రాగ్ కూడా పెంచుతుంది. రెక్క ఎడమకి వాలుతుంది గానీ ముక్కు కుడికి పోతుంది. పొడవు రెక్కలున్న ఇలాంటి విమానాల్లో ఇది బాగా కనిపిస్తుంది, అసలు విమానంలో పైలట్ కాళ్లతో రడ్డర్ తొక్కేది అందుకే. మోడల్‌లో రెండు పనులు చేయండి. రెండు ఐలరాన్లకి వేరు వేరు సర్వోలు పెట్టి డిఫరెన్షియల్ ఇవ్వండి: పైకి 15 మి.మీ., కిందికి 7. రెండోది, ఐలరాన్ ఇస్తే రడ్డర్ కొంత దానంతటదే కలిసేలా మిక్స్, 20 శాతంతో మొదలుపెట్టండి. కొన్నాళ్లకి మిక్స్ తీసేసి ఎడమ బొటనవేలుతో మీరే ఇవ్వడం అలవాటు చేసుకోండి, మలుపులు ఎంత అందంగా వస్తాయో చూస్తారు.

నా మొదటి పుష్పక్ పోయింది ఇక్కడే. దిగడానికి చివరి మలుపు, గాలి వెనక నుంచి, విమానం వేగంగా పోతున్నట్టు కంటికి అనిపించి థ్రాటిల్ తగ్గించాను. నిజానికి అది రెక్కకి చాలని వేగం. 3.3 కేజీలకి స్టాల్ వేగం (అంతకంటే తగ్గితే రెక్క మోయలేని వేగం), 2.4 కేజీలతో పోలిస్తే 17 శాతం ఎక్కువ. దాని మీద మలుపు: ఎత్తు తగ్గకుండా 45 డిగ్రీలు వాలిస్తే స్టాల్ వేగం ఇంకో 19 శాతం పెరుగుతుంది. లోపలి రెక్క వాలింది. చేతికి అలవాటైన పని చేశాను, ఎదురు ఐలరాన్ ఇచ్చాను. ఆ రెక్క మీద ఐలరాన్ కిందికి దిగి దాన్ని ఇంకా ముంచింది. ముప్పై అడుగుల ఎత్తు నుంచి ఒకటిన్నర చుట్టు తిరిగి చేలో పడింది. రెక్క వాలితే ముందు ఎలివేటర్ వదలాలి, థ్రాటిల్ ఇవ్వాలి, రడ్డర్‌తో ఆపాలి. ఇది చదివితే రాదు. మీ ఫోమ్ ట్రైనర్‌ని బాగా ఎత్తుకి తీసుకెళ్లి, కావాలని స్టాల్ చేసి, ఓ యాభై సార్లు ప్రాక్టీస్ చేయండి, పుష్పక్ కట్టేలోపు టైమ్ ఉంది కదా.

మొదటి ఫ్లైట్‌కి సీజీ ముందు అంచు నుంచి 70 మి.మీ. దగ్గర ఉంచండి, 75 దాటొద్దు. వేళ్ల మీద లేపితే ముక్కు కొంచెం కిందికి వాలాలి. టేకాఫ్‌లో ఎలివేటర్ వెనక్కి పట్టి, థ్రాటిల్ ఐదారు సెకన్లు తీసుకుని మెల్లగా తెరవండి. ఒక్కసారి తెరిస్తే ఎడమకి లాగేస్తుంది, కుడి రడ్డర్ సిద్ధంగా ఉంచండి. వేగం పుంజుకోగానే ఎలివేటర్ వదిలితే తోక తనే లేస్తుంది. దిగేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా కోసేయకండి. స్ట్రట్‌లు, లావు బాడీ, చక్రాలు అన్నీ గాలికి అడ్డమే, మీ ఫోమ్ విమానంలా తేలుతూ రాదు. పావు థ్రాటిల్‌తో రన్‌వే మీదికి వచ్చి అప్పుడు తగ్గించండి.

పొద్దున ఆరు నుంచి ఎనిమిది మంచి టైమ్. తొమ్మిది దాటితే నేల వేడెక్కి గాలి ఎగుడుదిగుడు అవుతుంది, గద్దలు కూడా అప్పుడే పైకి లేస్తాయి. పసుపు రెక్క వెంట పడిన గద్దని నేను చూశాను. ఎగరేసే ముందు ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో (డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపించేది) మీ మైదానం ఏ జోన్‌లో ఉందో చూసుకోండి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకే, విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల వరకే. రెండు కేజీలు దాటింది కాబట్టి డ్రోన్ రూల్స్ లెక్కలో ఇది స్మాల్ కేటగిరీ. మా హైదరాబాద్ వాళ్లకైతే బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్ మధ్య చోటు వెతుక్కోవడమే పెద్ద పని, మీకు ఆ బాధ తక్కువ.

రంగులు, వీటీ నంబర్ (విమానం రిజిస్ట్రేషన్ నంబర్), లోపల పైలట్ బొమ్మలు తర్వాత మాట్లాడుకుందాం. ముందు తోక కట్టండి. కవరింగ్ వేయకముందు కాటా మీద పెట్టి ఫొటో పంపండి, అంకె కనిపించేలా.